అర్జీలో ఆఖరి వాక్యం

మా వరండాలో తొమ్మిది బల్లలుండేవి. ఎనిమిదింటి మీద అర్జీలు టైపు చేసేవాళ్ళు, తొమ్మిదోదాని మీద నా జిరాక్సు మిషను. సర్కారు ఆఫీసు గేటుకు ఎడమపక్కన, గోడకు ఆనించి రేకులు వేసిన వరండా అది. ఎండాకాలం పెనంలా కాలేది. వానాకాలం రేకుల మోతకు ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడేది కాదు. నా పక్క బల్ల అర్జీలక్కది. ఆవిడ అసలు పేరు బల్ల తాలూకు లైసెన్సు కాగితం మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. వాళ్ళాయన కూడా నాకు ఫోను చేసి, "ఏమోయ్ బావమరిదీ, అర్జీలక్క ఖాళీగా ఉందా? ఇంట్లో గ్యాసు అయిపోయిందని ఓ అర్జీ పెట్టుకోవాలి" అనేవాడు.

పదహారేళ్ళు ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ పని చేసే తీరు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏడుస్తూ వచ్చినవాళ్ళను ముందు ఏడవనిచ్చేది. తిట్టుకుంటూ వచ్చినవాళ్ళను తిట్టనిచ్చేది. వాళ్ళకు ఊపిరి అందాక కీబోర్డు దగ్గరికి లాక్కుని, "సరే, ఇప్పుడు ఆఫీసరుగారు ఏం చెయ్యాలని మీ కోరిక?" అని అడిగేది. సగంమంది అక్కడ నీళ్ళు నమిలేవాళ్ళు. కోపం ఉంటుంది గానీ కోరిక ఏమిటో తెలియదు. ఆ కోరికను వాళ్ళ మాటల్లోంచే ఏరి ఒక పేజీలో పెట్టేది. చివర ఒక్క వాక్యం మాత్రం తను కలిపేది. ఆవిడ పేరు నిలబడింది ఆ వాక్యం మీదే.

"ఆఫీసరు చదివేది రెండే లైన్లు తమ్ముడూ," అనేది. "మొదటిదీ, ఆఖరిదీ. మధ్యలోదంతా రాయించుకున్నవాడి తృప్తి కోసం."

ఒకసారి ఒక పెద్దాయన వచ్చాడు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, రికార్డులో మాత్రం చనిపోయాడు. వేరే బల్లల మీద నాలుగు అర్జీలు రాయించుకున్నాడు, నాలుగూ బుట్టదాఖలా అయ్యాయి. అక్క ఐదోది రాసింది. చివర, "నేను చనిపోయిన సంగతి ఇంతవరకు ఏ అధికారీ నాకు తెలియజేయలేదని మనవి" అని పెట్టింది. లోపల ఆఫీసరు పగలబడి నవ్వి, ఆ సాయంత్రానికే ఆయన్ని బతికించి పంపాడట. ఆ తరవాత ఏడాదిపాటు వరండాలో అందరూ అక్క బల్ల ముందే నిలబడ్డారు. మిగతా ఏడు బల్లలవాళ్ళూ ఆవిడ మీద కారాలూ మిరియాలూ నూరారు.

మా ఊరి మధ్యలో ఏరు. మేమందరం ఇవతలి ఒడ్డువాళ్ళం. అవతలి ఒడ్డువాళ్ళ యాస వేరు, వాళ్ళకూ మాకూ తాతల నాటి పేచీలు. పెళ్ళిళ్ళు కలవవు, కానీ బస్సులు కలుస్తాయి, కుళాయి బాగు చేయించుకోవడానికి వాళ్ళే రావాలి, మేం తీసిన జిరాక్సులు వాళ్ళు పట్టుకెళ్ళాలి. అలా నడిచిపోయేది. ఒక ఏడు ఏరు పొంగి అవతలి ఒడ్డున నాలుగు వీధులు కొట్టుకుపోయాయి. వాళ్ళకు ఇవతలి ఒడ్డున కొత్త ఇళ్ళు కట్టిస్తామని ప్రభుత్వం అంది. అదే సమయంలో ఇవతల రోడ్డు వెడల్పు చేస్తూ మా ఇళ్ళు కొన్ని కూల్చారు. ఇళ్ళు వంద, అడిగేవాళ్ళు మూడు వందలు. మా ఆఫీసు ముందు రెండు వరుసలు మొదలయ్యాయి. గేటుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. రెండో వరుసలో దాదాపు అందరూ అవతలివాళ్ళే.

ట్యాంకరు డ్రైవరు మొదటిసారి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆఫీసుకు నీళ్ళు తెచ్చే లారీ అతనిది, కాబట్టి మొహం మాకు తెలుసు. ముప్పై దాటిన మనిషి, మితభాషి. దిగితే లారీ తలుపు గట్టిగా లాగి, పడిందా లేదా అని ఇంకోసారి లాగి చూసుకునేవాడు. రోడ్డు వెడల్పులో అతని ఇల్లు పోయింది. వాళ్ళమ్మను తీసుకుని ఒక గ్యారేజి వెనక గదిలో ఉండేవాడు. ఇళ్ళ జాబితా వచ్చింది, అందులో అతని పేరు లేదు. మూడు అర్జీలు పెట్టాడు. నాలుగోదానికి అక్క దగ్గరికి వచ్చాడు.

ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. అతను ఏడవలేదు, తిట్టలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వాళ్ళు వచ్చాక మాకు ఏమీ మిగల్లేదన్నాడు. ఆఫీసువాళ్ళు తన మొహం చూడరన్నాడు. "తెలిసిరావాలి," అన్నాడు.

"ఎవరికి? ఆఫీసువాళ్ళకా, ఆ వరుసలో ఉన్నవాళ్ళకా?" అని అడిగింది అక్క.

అతను కాసేపు గేటు వైపు చూశాడు. "అందరికీ," అన్నాడు.

అక్క టైపు చేసింది. చివర తన వాక్యం కలిపింది. "ఇదే అన్యాయం కొనసాగితే ఆ వరుసలో నిలబడే ప్రతి ఒక్కరూ భయంతో నిలబడే రోజు వస్తుందని, అప్పుడు గాని ఈ ప్రభుత్వం దిగిరాదని తెలియజేసుకుంటున్నాను." మొత్తం చదివి వినిపించింది. అతను ఆఖరిది మళ్ళీ చదవమన్నాడు. ఆవిడ చదివింది. "ఇదే," అన్నాడతను. "నేను అందామనుకున్నది ఇదే." సంతకం పెట్టాడు. నా దగ్గర మూడు కాపీలు తీయించుకున్నాడు. నేను తీసే కాగితాలు నేను చదవను, చదివితే పని సాగదు. చెవిన పడిందే గానీ అది కూడా చదవలేదు.

పంతొమ్మిది రోజుల తరవాత, ఒక మంగళవారం పొద్దున, అతను ట్యాంకరును గేటుకు ఆ పక్కనున్న వరుస మీదికి నడిపాడు.

ఆ పొద్దున గురించి ఎక్కువ రాయలేను. అక్క ఎవరిదో పేరులో అక్షరం తప్పుపడితే దిద్దమని అర్జీ కొడుతోంది. వీధిలో ఒక శబ్దం, దాని వెనకే నీళ్ళ శబ్దం. ట్యాంకు పగిలి నీళ్ళు మా వరండా దాకా వచ్చాయి. ఆ నీళ్ళలో చెప్పులు తేలుతూ వచ్చాయి. పదకొండుమంది పోయారు. డ్రైవరుకు దెబ్బ కూడా తగల్లేదు. కిందికి దిగి, తలుపు లాగి, పడిందా లేదా అని ఇంకోసారి లాగి చూసుకుని, తాళంచెవి జేబులో వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పోలీసులు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

మూడో రోజు ఆ అర్జీ ఆఫీసు ఫైల్లో దొరికింది. సాయంత్రానికి టీవీలో ఆఖరి వాక్యం చదివారు. చదివిన అమ్మాయి గొంతు చక్కగా ఉంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అక్క ఆ అమ్మాయి ఆగిన చోటు చూపించి, "అక్కడ కామా పెట్టింది నేనే," అంది. అంతే అంది.

ఆ రోజు నుంచి ఊరంతా ఒక్క మాట మీద పడింది. ఇది ఉగ్రవాదమా, కాదా. టీస్టాల్లో అదే, బస్సులో అదే, మంగలి షాపులో గడ్డం సగంలో ఆపి అదే. ఇల్లు పోయి మతి చెడినవాడి పని అని మావాళ్ళలో చాలామంది అన్నారు. మా మనిషి కాబట్టి అలా అంటున్నారని అవతలివాళ్ళు అన్నారు. చట్టంలో ఏముందో టీవీ లాయర్లు విడమరిచి చెప్పారు. ఎంతమంది పోయారన్నది లెక్క కాదట. జనాన్ని, లేదా జనంలో ఒక వర్గాన్ని భయపెట్టాలనే ఉద్దేశం ఉండాలి, లేదా ప్రభుత్వం మెడలు వంచాలనే ఉద్దేశం ఉండాలి. అది ఉంటే ఉగ్రవాదం, లేకపోతే హత్యలు. ఉద్దేశం ఎక్కడుంది అంటే, ఆ ఆఖరి వాక్యంలో ఉంది. రెండూ ఉన్నాయి. వరుసలో వాళ్ళ భయమూ ఉంది, ప్రభుత్వం దిగిరావడమూ ఉంది. చట్టం దగ్గర పెట్టుకుని రాసినట్టుందని ఒక లాయరు మెచ్చుకున్నాడు కూడా.

అక్క ఆ చట్టం ఎన్నడూ చూడలేదు.

అక్క వాళ్ళాయన, మా బావ, సిటీబస్సు డ్రైవరు. రోజుకు ఎనిమిదిసార్లు వంతెన దాటుతాడు. వంతెన నాలుగో స్తంభం మీద ఎవరో నల్లరంగుతో, "ప్రతి ఒక్కరూ భయంతో నిలబడే రోజు వస్తుంది" అని రాశారు. అది అతను పదకొండు రోజులు చూసి కూడా ఇంట్లో చెప్పలేదు. చెప్పకుండా ఉండలేకపోయిన రోజు నేను కూడా వాళ్ళింట్లోనే ఉన్నాను. బస్సు ఆ స్తంభం దగ్గరికి వచ్చేసరికి అవతలి ఒడ్డు ఆడవాళ్ళు లేచి రెండో పక్క సీట్లలోకి మారుతున్నారని చెప్పాడు. చదవకుండా ఉండటానికి. అక్క పళ్ళెం పక్కకు జరిపింది.

"అది నా మాట," అంది.

"నువ్వు గోడ మీద రాయలేదుగా," అన్నాడు బావ.

"గోడ మీద రాసేంత బాగా రాశాను."

మర్నాడు బావ డిపోలో ఎవరికీ చెప్పకుండా సున్నం డబ్బా పట్టుకెళ్ళి దాన్ని చెరిపేశాడు. వారం తిరక్కుండా అదే వాక్యం చేపల మార్కెట్టు గోడ మీద వెలిసింది. తరవాత ఒక ఊరేగింపులో కుర్రాళ్ళు దాన్ని నినాదంగా అరుచుకుంటూ మా వరండా ముందు నుంచే వెళ్ళారు. అక్క అప్పుడు ఒకావిడ చెప్పేది వింటోంది. ఆ అరుపులు దూరమయ్యేదాకా ఆగి, "ఏమన్నారమ్మా, మళ్ళీ చెప్పండి," అంది. ఆవిడ మళ్ళీ చెప్పింది. అక్క అప్పుడు కూడా వినలేదని నాకు తెలుసు.

అప్పటికే ఆఫీసు ముందు వరుసలు మారిపోయాయి. ఆ పక్క వరుస సగానికి సగం తగ్గింది. వచ్చినవాళ్ళు కౌంటరు వైపు కాకుండా, గోడకు వీపు ఆనించి రోడ్డు వైపు తిరిగి నిలబడేవాళ్ళు. లారీ హారను వినపడితే అందరి తలలూ ఒక్కసారే తిరిగేవి. అక్క టైపు ఆపి వాళ్ళను చూస్తూ ఉండిపోయేది. ఆ వాక్యంలో రాసింది రాసినట్టు కళ్ళ ముందు జరుగుతోంది.

ముందుగా డ్రైవరు వాళ్ళమ్మ వచ్చింది. సన్నగా, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో, బల్ల ముందు స్టూలు మీద కూర్చుంది. ఎవరైనా అర్జీ కోసం వచ్చారేమో అనుకుని అక్క మామూలుగానే అడిగింది: "ఏం చెయ్యాలని మీ కోరిక?"

"నా కొడుకు చెప్పాడమ్మా, ఆ మాట నువ్వు రాశావని," అంది ఆవిడ. "వాణ్ణి వదిలెయ్యమని అడగను. ఎలా అడుగుతాను? పదకొండుమంది. వాడు జైల్లోనే పోవాలి, పోతాడు. ఉగ్రవాది అన్న పేరు మాత్రం పెట్టొద్దని. పిచ్చివాడి తల్లికి గది ఇస్తారు, హంతకుడి తల్లికి కూడా ఇస్తారేమో. ఆ పేరు పెడితే నాకు ఎవరిస్తారు?"

అక్క ఏమీ ఒప్పుకోలేదు, కాదని అనలేదు. ఆవిడకు మంచినీళ్ళిచ్చి బస్సు దాకా తోడు వెళ్ళింది.

డ్రైవరు తరఫు లాయరు అక్కను సాక్షిగా పిలుస్తున్నాడని పేపర్లో పడింది. ఆ మర్నాడే ప్లంబరు వచ్చాడు. అతను అవతలి ఒడ్డు మనిషి. మా ఆఫీసు కుళాయిలు బాగుచేసేది అతనే. ఆ మంగళవారం వరుసలో నిలబడాల్సింది అతను. ఎక్కడో పైపు పగిలిందని ఫోను వస్తే, అరగంటలో వస్తానని భార్యను తన చోట నిలబెట్టి వెళ్ళాడు. ఇప్పుడు స్టూలు చూపించినా కూర్చోలేదు. పనికి వెళ్తూ వచ్చినట్టున్నాడు, భుజాన పనిముట్ల సంచి.

"అమ్మా, మీతో పేచీ పెట్టుకోవడానికి రాలేదు," అన్నాడు. "నాలుగేళ్ళ కిందట మా ఒడ్డు కుర్రాడొకడు వంతెన మీద పోలీసు చౌకీ మీద బాంబు వేశాడు. ఒక కానిస్టేబులుకి రెండు వేళ్ళు పోయాయి. అదే సాయంత్రం ఉగ్రవాదమన్న మాట పెట్టారు. మా వీధి మొత్తానికి పెట్టారు. నేను కూడా ఠాణాలో మూడు రోజులు కూర్చున్నాను. అప్పుడు ఎవరూ ఉద్దేశం అడగలేదు. ఇప్పుడు పదకొండుమంది పోతే, పాపం ఇల్లు పోయింది, ఆఫీసు మీద కోపం అంటున్నారు. ఆఫీసు మీద కోపమైతే ఆఫీసుంది. మా ఆవిడ ఆఫీసు కాదు."

అతను సంచి రెండో భుజానికి మార్చుకున్నాడు.

"మీరు ఆ వాక్యం మీ మాటే అంటే వాళ్ళు బతికిపోతారు," అన్నాడతను. "వాడిదే అంటే మాకు న్యాయం. ఏది నిజమో మీకు తెలుసు. నాకు తెలియదు. అది చెప్పి పోదామని వచ్చాను."

అతను వెళ్ళాక అక్క నన్నడిగింది. నీకేమనిపిస్తోంది తమ్ముడూ, అది ఎవరి మాట? ఇద్దరిదీ అన్నాను నేను. ఇద్దరిదీ అని కోర్టులో చెప్పడానికి లేదంది ఆవిడ. బావ ఇంకోలా ఆలోచించాడు. అతను లారీలూ బస్సులూ ఎరిగినవాడు. గ్యారేజి నుంచి ఆఫీసుకు తిన్నగా వస్తే ముందు తగిలేది ఇవతలివాళ్ళ వరుస అన్నాడు. దాన్ని తప్పించి ఆ పక్క వరుస దగ్గరికి రావాలంటే స్టీరింగు రెండుసార్లు తిప్పాలి. "కోపంలో ఒక మలుపు తిరగొచ్చు," అన్నాడు. "రెండోది చూసుకుని తిప్పాలి." అక్క చెప్పినా చెప్పకపోయినా ఉద్దేశం చెప్పడానికి ఆ మలుపులున్నాయి కదా అని అతని ధైర్యం. అక్కకు మాత్రం ఆ ధైర్యం రాలేదు. ఆ చూసుకోవడం ట్యాంకరు డ్రైవరుకు ఎవరు నేర్పారన్నదే ఆవిడ బాధ.

సాక్ష్యం రోజు నేనూ వెళ్ళాను. చిన్న హాలు, రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగడం లేదు. డ్రైవరు కటకటాల వెనక కూర్చుని ఉన్నాడు. అక్క బోనులోకి వెళ్తుంటే లేచి నిలబడ్డాడు, పోలీసు కూర్చోబెట్టాడు. పెద్దావిడ వస్తే లేచినట్టే లేచాడు.

డ్రైవరు లాయరు తనకు కావలసింది అడిగాడు. ఆ వాక్యం టైపు చేసింది మీరేనా? నేనే. అందులో మాటలు మీవేనా? నావే. అతను "భయం" అన్న మాట అన్నాడా? అనలేదు. "ప్రభుత్వం" అన్నాడా? అనలేదు. ఇలాంటి వాక్యాలు మీరు అందరి అర్జీల్లోనూ కలుపుతారా? కలుపుతాను. లాయరు తృప్తిగా కూర్చున్నాడు.

సర్కారు లాయరు ఒకావిడ. ఆవిడ నెమ్మదిగా లేచింది. చదివి వినిపించారా? వినిపించాను. అతను ఏమన్నాడు? ఆఖరిది మళ్ళీ చదవమన్నాడు. చదివాక? "ఇదే, నేను అందామనుకున్నది ఇదే," అన్నాడు. ఆవిడ కూడా తృప్తిగా కూర్చుంది.

ఇద్దరికీ చెరిసగం దొరికింది. అప్పుడు జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తనే అడిగారు: "ఎవరికి తెలిసిరావాలని మీరు అడిగితే అతను 'అందరికీ' అన్నాడని పోలీసులకు చెప్పారు కదా. అప్పుడు మీరేమనుకున్నారు?"

అక్క తల తిప్పి చూసింది. హాల్లో అవతలి ఒడ్డువాళ్ళు ఒక పక్క, మావాళ్ళు ఒక పక్క. ప్లంబరు తలవంచుకుని ఉన్నాడు.

"ఏమీ అనుకోలేదండి," అంది. "ఆఖరి లైను దొరికిందనుకున్నాను."

బయటికి వచ్చి కోర్టు మెట్ల మీద కూర్చుంది. బావ బస్సు డ్యూటీలో ఉన్నాడు, నేనొక్కణ్ణే పక్కన ఉన్నాను. నిజమే చెప్పావు అక్కా, ఇంక మనసు కుదుట పెట్టుకో అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాళ్ళు ఒకటి అడగలేదంది. మొదటిసారి గబగబా చదివేసిందట, అందరికీ చదివినట్టే. మళ్ళీ చదవమన్నప్పుడు మాత్రం గొంతు పెట్టి, ఆగాల్సిన చోట ఆగి చదివిందట.

"ఎందుకంటే నాకు ఆ వాక్యం నచ్చింది తమ్ముడూ," అంది. "బాగా కుదిరిందనిపించింది. రెండోసారి వాడికోసం చదవలేదు, నాకోసం చదువుకున్నాను. అది వాడి మొహంలో కనపడింది, నాకు బాగుందని వాడికి తెలిసింది."

ఆ కాగితం మూడు కాపీలు తీసిన చేతులు నావే. మిషను మీద మూడుసార్లు వెలుగు పాకింది, ఒక్కసారి కూడా నేను కిందికి చూడలేదు. ఆ సంగతి ఆవిడతో అనలేదు, ఆవిడ బాధకు పోటీ పెట్టినట్టుంటుందని.

తీర్పు నాలుగు నెలలకు వచ్చింది. పదకొండు హత్యలూ రుజువయ్యాయి, బతికినంత కాలం జైలు. ఉగ్రవాదం మాత్రం రుజువు కాలేదన్నారు. ఉద్దేశానికి ఉన్న ఒకే ఒక్క రాతమూలకమైన ఆధారం నిందితుడి మాటగా పూర్తిగా నమ్మడానికి వీల్లేదని, "అందరికీ" అన్న మాటకు రెండర్థాలున్నాయని రాశారు. మావాళ్ళు కొందరు ఆ సాయంత్రం టపాకాయలు కాల్చారు. ఒకాయన పనిగట్టుకుని వరండాకు వచ్చి, మన పరువు నిలబెట్టావక్కా అని చెయ్యి చాపాడు. అక్క ఆ చెయ్యి అందుకోలేదు. నీ పరువు కోసం నేను బోనెక్కలేదని, ఇంకో బల్ల చూసుకోమని చెప్పింది. పదహారేళ్ళలో ఆవిడ ఒక మనిషిని పంపెయ్యడం నేను చూసింది ఆ ఒక్కసారే.

డ్రైవరు వాళ్ళమ్మకు ఆ తీర్పు వల్ల ఒరిగిందేమీ లేదు. పేరు పెట్టకపోయినా గది ఎవరూ ఇవ్వలేదు. ఎవరో దూరపు బంధువులుంటే అక్కడికి వెళ్ళిపోయిందని విన్నాం. ప్లంబరూ మిగతా కుటుంబాలూ పైకోర్టుకు వెళ్ళారు. అక్కడ ఇద్దరు జడ్జీలు విన్నారు. రెండు వరుసల్లో ఒకదాన్ని ఎంచుకున్నాడంటేనే ఆ వర్గాన్ని బెదిరించడమని ఒకరు రాశారు. జనం భయపడటం వేరు, భయపెట్టాలనుకోవడం వేరు, రెండోదానికి రుజువు కావాలని ఇంకొకరు రాశారు. ఇద్దరికీ కుదరక మూడో జడ్జిగారికి పంపారు. ఆయన ముందుకు ఇంకా రాలేదు.

అక్క బల్ల మానలేదు. ఆఖరి వాక్యం మానేసింది. ఎవరు ఏం చెబితే అదే కొట్టి, చదివి, "ఇది మీరన్న మాటేనా?" అని అడిగి సంతకం పెట్టించుకునేది. అర్జీలు చప్పబడ్డాయి. పని జరగడం లేదని జనం పక్క బల్లలకు మారారు. ఆ బల్లలవాళ్ళు ఇప్పుడు అక్క పాత వాక్యాలనే అటూ ఇటూ మార్చి వాడుతున్నారు. మధ్యాహ్నాలు ఆవిడ చేతులు కట్టుకుని ఆ గేటు పక్కకే చూస్తూ కూర్చునేది. ఏం చూస్తున్నావక్కా అంటే, ఏమీ లేదనేది. ఒకసారి మాత్రం, నేను రాసినవి ఎన్ని వేలుంటాయో, అందులో ఎవరు ఏది నమ్మారో అని పైకి అనుకుంది.

ఈమధ్య ప్లంబరు వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చున్నాడు. కూతురికి తొమ్మిదేళ్ళు, ఇవతలి ఒడ్డు బడిలో చదువుతోంది. దాన్ని అవతలి బడికి మార్చాలి, అర్జీ కావాలన్నాడు. వరండాలో ఎనిమిది బల్లలుండగా ఈ బల్లకే ఎందుకు వచ్చాడో అక్క అడగలేదు. అతనే చెప్పాడు, మీరు సొంతంగా ఏమీ కలపరటగా అని.

అక్క మొదటి లైన్లు కొట్టింది, బడి పేరు, తరగతి, పాప పేరు. తరవాత వేళ్ళు ఆగాయి.

"కారణం ఏమని రాయమంటారు?"

"వంతెన దాటనంటోంది. బస్సెక్కాక కళ్ళు మూసుకుని కూర్చుంటోంది. వంతెన దాటి దిగేదాకా తెరవదు." కాస్త ఆగి, "భయపడుతోంది అని రాయండి. అంతే," అన్నాడు.

అక్కకు ఆ మాట కొట్టడానికి చాలాసేపు పట్టింది. కొట్టాక చదివి వినిపించింది. మెల్లగా, గొంతులో ఏమీ లేకుండా చదివింది. ఇది మీరన్న మాటేనా అని అడిగింది. అవునని అతను సంతకం పెట్టాడు.

వారంలోపే మార్పు మంజూరైంది. పాప ఇప్పుడు అవతలి బడిలోనే చదువుతోంది.